కలిసే విషయం

పదకొండింటికి, పైన పద్నాలుగో అంతస్తులో డైరెక్టరుతో పావుగంట, పదింటికే కింద కాఫీ షాపులో తను. మధ్యలో ఉన్న ఈ గంటను ఏం చేసుకోవాలో తెలియక ఆమె కప్పును రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. తాగితే అయిపోతుంది, అయిపోతే ఇంకోటి కొనాలి, కొనకపోతే కౌంటర్ వెనక మనిషి కుర్చీ ఎప్పుడు ఖాళీ చేస్తావన్నట్టు చూస్తాడు, అందుకే తాగకుండా పెదవులకు ఆనించి దించుతోంది. అద్దం గోడ అవతల లిఫ్టుల ముందు గేట్లు, కార్డు ఆనిస్తే టిక్కుమని తెరుచుకుంటాయి, మనిషి దాటగానే మూసుకుంటాయి, మెడలో నీలం తాడు వేసుకున్నవాళ్లు వాటి వంక చూడను కూడా చూడరు, మాట్లాడుకుంటూ నడిచి వెళ్లిపోతారంతే. ఆ తాడు కోసం ఏడాదిన్నరగా తిరుగుతోంది. నలభై ఒక్క దరఖాస్తులు పెడితే ఒక్కదానికీ ఉలుకూ పలుకూ లేదు. చివరికి తన కాలేజీలోనే పదేళ్ల ముందు చదివిన సీనియర్ ఒకావిడ పట్టుబట్టి, తన పేరు పైదాకా పంపి, ఈ పావుగంట ఇప్పించింది. ఇవాళ డైరెక్టరు ఊఁ అంటే ఉద్యోగం వచ్చినట్టే. అంతా బాగానే ఉంది, ఒక్కటి తప్ప. రెండు వీధుల అవతల కారులో కూర్చుని రేడియో వింటున్న నాన్న, ఈ భవనంలోని వాళ్లకు తెలిసినంతవరకు, చనిపోయి మూడేళ్లయింది.

బస్సులో వెళ్తానంటే వింటేనా ఆయన. "ఇంత పెద్ద రోజున బస్సులో నలిగిపోతూ వెళ్తావా, ఇస్త్రీ అంతా పాడైపోదూ?" అని పొద్దుటి పాఠం మానుకుని మరీ తీసుకొచ్చాడు. నాన్న డ్రైవింగ్ నేర్పుతాడు. ఇరవై ఆరేళ్లుగా స్టీరింగ్ ఎదుటివాళ్లకు అప్పగించి, తన కాళ్ల దగ్గరుండే రెండో బ్రేకు మీద పాదం ఆనించి, బతుకంతా వేరేవాళ్లు నడిపే బండిలో కూర్చున్న మనిషి. ఇంట్లో టీవీలో కారు ఎదురొచ్చినా కాలు నేలను తొక్కుతుంది, "ఆగిందా అండీ బండి?" అని అమ్మ ఆటపట్టిస్తుంది. ఇవాళ మాత్రం తనే నడిపాడు, ఆమె పక్కన కూర్చుంది, కాళ్ల దగ్గర ఆ రెండో బ్రేకు, తొక్కాలనిపించింది, ప్రతి సిగ్నల్ దగ్గరా తొక్కాలనిపించింది. ఇంకా రెండు వీధులుండగానే ఆపమంది, "ఇక్కడే ఉండు నాన్నా, లోపలికి రాకు" అంది. ఆయన ఒక్క క్షణం అర్థంకానట్టు చూసి, తలెత్తి, పైన డ్రైవింగ్ స్కూలు బోర్డు ఉన్న కారు కప్పు వంక చూసి, "ఓస్, దీని గురించా? ముందే చెప్పచ్చుగా తల్లీ, రెండు స్క్రూలేగా" అని దిగి, బోర్డు విప్పి, గీతలు పడకుండా పాత పేపర్లో చుట్టి డిక్కీలో పెట్టుకున్నాడు. కాదు నాన్నా, బోర్డు గురించి కాదు, అనలేదు ఆమె. కారును చూసి సిగ్గుపడే కూతురిగా ఉండిపోవడమే నయమనిపించింది. నాన్న మంచి చొక్కా వేసుకొచ్చాడని అప్పుడు గమనించింది, లేత నీలం చొక్కా, పెళ్లిళ్లకు తప్ప బయటికి తీయనిది. ఎందుకు వేసుకున్నావని అడగలేదు, ఎందుకో ఆమెకు తెలుసు, పై వాళ్లెవరైనా కనబడి మాట్లాడతారేమోనని.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా పర్వాలేదు. ఉద్యోగం కోసం పరిచయాలు పెంచుకునే ఈ నెట్‌వర్కింగ్ సంగతి వినగానే నాన్న అన్న మాట అదే, ఆమె డబ్బు కట్టి చేరిన ఆన్‌లైన్ కోచ్ దాన్నే ఎనిమిది వారాల కోర్సు చేసి చెప్పాడు. దరఖాస్తులు చెత్తబుట్టలోకి పోతాయి, మనుషులను పట్టుకోండి. ఉద్యోగం అడగొద్దు, సలహా అడగండి. పావుగంట చాలనండి, వాళ్లే అరగంట ఇస్తారు. ఏడో నిమిషం లోపల మీకూ వాళ్లకూ కలిసే విషయం ఒకటి దొరకాలి, దొరక్కపోతే ఆ కాల్ వృథా. ఇరవై నాలుగు గంటల్లో థాంక్యూ మెసేజ్ వెళ్లాలి, అందులో ఆ కలిసే విషయం మళ్లీ రావాలి. ఆమె ఒక పట్టిక తయారుచేసుకుంది, రెండు వందల పన్నెండు మంది, పేరు, కంపెనీ, ఎలా పట్టుకోవాలి, ఎప్పుడు రాసింది, జవాబు వచ్చిందా, చివరి గడిలో 'కలిసే విషయం'. ఒకాయనకు చదరంగం, రాత్రికి రాత్రి గుర్రం ఎలా దూకుతుందో నేర్చుకుంది. ఒకావిడకు ముళ్ల మొక్కలు, పొద్దున్నే వెళ్లి ఒకటి కొనుక్కొచ్చి కిటికీలో పెట్టి ఫోటో తీసింది. ఒక నెల తనకు కుక్కలంటే ప్రాణం, మరుసటి నెల పిల్లులంటే ప్రాణం. ఒకాయనకు పరుగు పందేలని తెలిసి తనూ రోజూ అయిదు కిలోమీటర్లు పరిగెడతానంది, ఇంటి మెట్లెక్కితే ఆయాసపడే మనిషి. ఇవన్నీ అబద్ధాలని ఆమెకెప్పుడూ అనిపించలేదు, అందరూ చేసేదేగా, పెళ్లిచూపుల్లో పాటలంటే ఇష్టమని చెప్పడం లాంటిదేగా అనుకుంది. అప్పుడు తొంభై ఏడో వరుసలో సీనియర్ వచ్చింది.

ఆ కాల్‌లో ఆరు నిమిషాలు ఇసుకలో నీళ్లు పోసినట్టే అయింది. ఏ హాస్టల్ అంటే వేరు, ఏ బ్రాంచి అంటే వేరు, చదివించిన వాళ్లలో ఒక్కరైనా ఇద్దరికీ తెలిసినవాళ్లు లేరు. తెర మూలన గడియారం చూసుకుంటుంటే చెమటలు పట్టాయి. అంతలో సీనియర్ తనంతట తనే అంది, ఫైనల్ ఇయర్లో నాన్న పోయారు, పరీక్షలు ఎలా రాశానో కూడా గుర్తులేదు, ఆ తర్వాత ఈ ఉద్యోగమే నన్ను నిలబెట్టింది అని, అని ఆగి, "నీకు తెలియదులే, అది అనుభవిస్తే గానీ..." అంది. "తెలుసు మేడమ్, మూడేళ్ల కిందట మా నాన్నకు కూడా..." అంది ఆమె. గుండెపోటు వచ్చి పదకొండు రోజులు ఐసీయూలో ఉన్నారు, అన్నది మిగిలిన వాక్యం. ప్రమాణం చేసి చెప్పమన్నా చెబుతుంది, అదే అనబోయింది. గొంతులో ఏదో అడ్డుపడింది, అది నిజమైన అడ్డే, దాన్ని ఏ కోచ్ నేర్పలేదు. ఆ అడ్డు తొలిగేలోపల అవతల నుంచి "అయ్యో, నీకూనా!" అన్న మాట వచ్చింది. అంత మెత్తగా ఏడాదిన్నరలో ఎవరూ మాట్లాడలేదు ఆమెతో. కాదండీ, బతికారు, బాగున్నారు, అని దిద్దుకోవడానికి ఒక్క ఊపిరి తీసుకునేంత టైము ఉండింది. ఆ ఊపిరి తీసుకుంది కూడా. "ఊఁ" అంది.

పావుగంట అడిగిన కాల్ యాభై నిమిషాలు నడిచింది. "మేడమ్ ఏంటి, అక్కా అను" అంది సీనియర్ చివర్లో. ఆ రాత్రి పట్టిక తెరిచి, చివరి గడిలో 'నాన్న' అని కొట్టింది, పైనున్న గడిలో 'పిల్లులు', కిందున్న గడిలో 'సైకిల్'. అక్కడైనా ఆగి ఉంటే నోరు జారిందనుకోవచ్చు. కానీ ఇరవై నాలుగు గంటల్లో మెసేజ్ వెళ్లాలిగా, అందులో కలిసే విషయం రావాలిగా, మూడుసార్లు రాసి కొట్టేసి నాలుగోసారి రాసింది, 'నాన్న పోయాక ఆయన గురించి ఎవరితోనూ ఇంతసేపు మాట్లాడలేదు అక్కా.' పంపే బొత్తాం నొక్కింది ఆమె వేలే. పక్క గదిలోంచి నాన్న దగ్గు వినబడుతూనే ఉంది.

రోట్లో తల పెట్టాక రోకటిపోటుకు భయపడితే ఎలా. తర్వాతి కాల్‌లో సీనియర్ అడిగింది, ఎప్పుడు, ఎలా, నువ్వు ఎక్కడున్నావు అని. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు, ఆమెకు అతికించుకోవాల్సిన పని కూడా పడలేదు. ఐసీయూలో మూడో రోజు పొద్దున డాక్టరు బయటికొచ్చి, ఇంకో రెండు రోజులు గడిస్తే గానీ చెప్పలేమమ్మా అన్నప్పుడు, వరండాలో ఇనప కుర్చీల పక్కన నాన్న చెప్పులున్న ప్లాస్టిక్ సంచిని గుండెకు ఆనించుకుని అమ్మ నిలబడింది, పక్కన కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. అప్పుడు ఆమె లోపల ఆయన ఒకసారి పోయాడు. ఎవరెవరికి ఫోన్ చేయాలో, ఫోటో ఏది పెద్దది చేయించాలో కూడా ఆలోచించింది, ఆలోచించినందుకు తనను తను అసహ్యించుకుంది. ఎనిమిది రోజుల తర్వాత నాన్న లేచి కూర్చుని ఆస్పత్రి ఇడ్లీకి వంకలు పెట్టాడు, అందరూ నవ్వారు, ఆ పొద్దుటి సంగతి ఎవరికీ చెప్పలేదు. దాచుకున్న ఆ పొద్దునంతా ఇప్పుడు సీనియర్‌కు చెప్పింది, చివరి ఎనిమిది రోజులు తీసేసి చెప్పింది. చచ్చినవాడి కళ్లు చారెడంటారు, బతికున్న మనిషి కళ్లనే ఆమె చారెడు చేసేసింది. ఆ కథలో నాన్న ఎప్పుడూ గట్టిగా అరవడు, టీవీ రిమోట్ కోసం గొడవపడడు, ఇంట్లో అందరికంటే ముందు లేచి కూతురి పుస్తకాలకు అట్టలు వేస్తాడు. అట్టలు వేసిన మాట మాత్రం నిజం.

పదీ ఇరవై అయిదు. చెప్పేయాలి. ఇప్పుడే, పైకి వెళ్లకముందే. ఫోన్ తీసింది, 'అక్కా, మీతో ఒక విషయం' అని రాసింది, ఆ ఒక విషయం తర్వాత ఏం రాయాలి, మా నాన్న బతికే ఉన్నారు అని రాస్తారా ఎవరైనా, అది మంచివార్త కదా, ప్రపంచంలో అంత మంచివార్తను ఇంత నేరంలా చెప్పాల్సిన మనిషి తనొక్కతే. కొట్టేసింది. సీనియర్ తన పేరు పణంగా పెట్టింది, సిఫారసు ఉత్తరంలో తండ్రిని పోగొట్టుకున్నా తలవంచని అమ్మాయి అని రాసింది, రాసి చూపించి ఏడ్చింది కూడా, ఆ ఏడుపును ఇప్పుడు వెనక్కి ఎలా ఇస్తుంది. చెబితే ఈ ఒక్క తలుపూ మూసుకుంటుంది, ఇంకెక్కడా తెరుచుకోదు, వీళ్లంతా ఒకరికొకరు తెలిసినవాళ్లే, తెలిసినవాళ్ల మీదేగా ఇదంతా నడిచేది. చెప్పకపోతే? ఉద్యోగం వస్తుంది. వస్తే నాన్న చచ్చిపోయే ఉండాలి. చేరే రోజు గుమ్మం దాకా దింపడానికి రాకూడదు, కుటుంబాలను పిలిచే రోజున రాకూడదు, సీనియర్ ఇంటికి రాకూడదు, ఆమె ఎప్పుడైనా ఇంటికి వస్తానంటే నాన్నను ఎక్కడ దాచాలి, తన పెళ్లికి ఆఫీసువాళ్లను పిలిస్తే పీటల మీద ఎవరు కూర్చోవాలి. రేపు నిజంగానే, ఎప్పటికో, ఎప్పటికో లెండి, ఆ రోజు వస్తే, సెలవు ఏమని అడగాలి. కుడితిలో పడ్డ ఎలుకలా ఆలోచన ఆ అంచుకూ ఈ అంచుకూ కొట్టుకుంటోంది. కౌంటర్ మనిషి బల్లలు తుడుస్తూ దగ్గరికొచ్చాడు, ఆమె కప్పు పెదవులకు ఆనించింది, కాఫీ ఎప్పుడో చల్లారిపోయింది.

తలుపు తోసుకుని నాన్న లోపలికి వచ్చాడు. ఆయన ఆమెను చూశాడు, చూసి, చూడనట్టు చక్కగా ముఖం తిప్పుకుని కౌంటర్ దగ్గరికి వెళ్లి చిన్న గొంతుతో ఏదో అడిగాడు, ఆ మనిషి గోడ మీద బోర్డు చూపించాడు, బాత్రూమ్ ఏదైనా కొన్నవాళ్లకే. గుండె మాత్రలు, ఒంట్లో నీరు తీసేసే ఆ తెల్ల మాత్ర, వేసుకుంటే గంట ఆగలేడు, ఆ సంగతి ఆమెకు గుర్తుండాలి, ఇంట్లో మాత్రల డబ్బా సర్దేది ఆమే. నాన్న అన్నిటికంటే చిన్న టీ కొన్నాడు, లోపలికి వెళ్లాడు, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు, టీ పారేయడానికి మనసొప్పక ఆమె బల్లకు ఒక బల్ల అవతల, ఆమెకు వీపు పెట్టి కూర్చున్నాడు. కూతురి మాట నిలబెట్టాలని, ఎవరో తెలియనివాడిలా, ఆ పెద్ద మనిషి చిన్నపిల్లల దాగుడుమూతల్లోలా నిటారుగా కూర్చున్నాడు. 'వెళ్లిపో నాన్నా' అని మెసేజ్ కొట్టింది. ఫోన్ కారులోనే వదిలేసినట్టున్నాడు, కదల్లేదు. లేచి వెళ్లి చెబుదామని కుర్చీ జరుపుతుంటే గేటు టిక్కుమంది.

"ఇక్కడున్నావా! తిన్నావా ఏమైనా? ముఖమంతా పీక్కుపోయింది చూడు," అంటూ సీనియర్ ఎదురుగా కూర్చుంది, చేతిలో ఫైలు, మెడలో నీలం తాడు, ముఖంలో ఆమెకు దక్కాల్సిన దానికంటే ఎక్కువ సంతోషం.

"తిన్నానక్కా. మనం పైకి వెళ్దామా?"

"ఇంకా పావుగంట ఉంది, కంగారెందుకు. విను. డైరెక్టరుగారు మొదటి ప్రశ్న నీ గురించి చెప్పు అంటారు. మార్కులు, ప్రాజెక్టులు మొదలెట్టకు, అవన్నీ కాగితం మీద ఉన్నాయి. మీ నాన్నగారితో మొదలుపెట్టు."

"అక్కా, పైన మాట్లాడుకుందాం..."

"ఆయనకూ చిన్నప్పుడే నాన్న పోయారే, అందుకే చెబుతున్నా. నాకు చెప్పావు చూడు, ఆ రోజు పొద్దున నాన్నగారు పోయినప్పుడు ఐసీయూ బయట అమ్మ ఆయన చెప్పుల సంచి పట్టుకుని నిలబడిపోయిందని. అది చెప్పు. నాకైతే ఇప్పటికీ ఒళ్లు ఝల్లుమంటుంది."

అవతలి బల్ల దగ్గర చెంచా తిరుగుతున్న చప్పుడు ఆగిపోయింది. ఆమె సీనియర్ ముఖం వంకే చూసింది, భుజం పక్కనుంచి కనబడుతున్న ఆ లేత నీలం వీపును చూడకుండా ఉండటానికి. ఆ చెప్పుల సంగతి నాన్నకు తెలుసు, అమ్మ ఎన్నోసార్లు చెప్పి నవ్వింది, మీ పాత చెప్పులు పట్టుకుని ఎంత ఏడ్చానో తెలుసా అని. ఇంకెవరి నాన్నో అనుకోవడానికి ఆయనకు దారి లేదు. సీనియర్ ఇంకా చెబుతోంది, ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఆయన కళ్లలోకి చూడాలో, చెబుతూ ఫైలు తెరవబోతే ఒక కాగితం జారి గచ్చు మీద పాక్కుంటూ వెళ్లి నాన్న కుర్చీ కింద ఆగింది. ఆయన మెల్లగా వంగాడు, మోకాలి మీద చేయి వేసుకుని లేచాడు, వచ్చి కాగితం అందించాడు. దాని మీద కూతురి ఫోటో ఉంది.

"అయ్యో, మీరెందుకండీ శ్రమ, థాంక్సండీ," అంది సీనియర్. హుషారుగా ఉందేమో, ఆగకుండా అంది, "మా చెల్లెలు లాంటిదండీ, ఇవాళ ఇంటర్వ్యూ. వాళ్ల నాన్నగారు లేరు పాపం. పెద్దవారు, ఒక మంచిమాట అనండి."

నాన్న ఆమె వంక చూశాడు. కోపం లేదు, కోపముంటే బాగుండేది. మొదటిసారి చౌరస్తాలోకి వెళ్తున్నవాళ్లు తడబడితే మూడు లెక్కపెట్టేదాకా ఆగుతాను, అప్పటికీ వాళ్లు తొక్కకపోతే నేనే తొక్కుతాను అంటాడాయన, ఇప్పుడూ అలాగే ఆగాడు, ఆమెకు తెలుస్తూనే ఉంది ఆయన ఆగుతున్నట్టు. నాన్నా అన్న పిలుపు నోటి దాకా వచ్చింది. రెండక్షరాలే, పుట్టి మాటలొచ్చినప్పటి నుంచి రోజుకు వందసార్లు అన్నదే. నాలుక మీద బరువుగా కూర్చుంది తప్ప బయటికి రాలేదు.

"చెవిన పడిందమ్మా, విన్నాను," అన్నాడు నాన్న సీనియర్‌తో. గొంతు మామూలుగానే ఉంది. "వాళ్ల నాన్న ఎక్కడున్నా చాలా సంతోషిస్తాడు." తర్వాత ఆమె వైపు తిరిగి, "మీరు ధైర్యంగా వెళ్లండి. తడబడకండి. బాగా చెప్పండి," అన్నాడు.

"థాంక్సండీ," అంది ఆమె.

నాన్న తలూపాడు. టీ కప్పు తీసుకెళ్లి, సగం టీ అలాగే ఉన్న కప్పును కౌంటర్ మీద పెట్టి, తలుపు తీసుకుని బయటికి నడిచాడు. కారు కుడివైపు ఉంది. ఆయన ఎడమవైపు వెళ్లాడు, అద్దం గోడ చివరిదాకా వెళ్లి, ఆగి, జేబులు తడుముకుని, అటే వెళ్లిపోయాడు.

"ఎంత మంచాయనో చూడు," అంది సీనియర్ తన కార్డుతో గేటు తెరిపిస్తూ. లిఫ్టులో అంకెలు వెలుగుతున్నాయి, నాలుగు, అయిదు, ఆరు, దిగిపోవచ్చు ఎక్కడైనా, బొత్తాం నొక్కితే చాలు, నొక్కి మెట్ల మీదుగా పరుగెత్తి ఎడమవైపు వెళ్లి, ఎంత దూరం పోయి ఉంటాడు, మోకాలి నొప్పితో ఎంత దూరం పోగలడు, తొమ్మిది, పది, సీనియర్ ఆమె కాలరు సరిచేస్తోంది, పన్నెండు, ఆ ఎండలో, ఆ వడగాలిలో తిరుగుతున్నాడేమో, పద్నాలుగు. తలుపులు తెరుచుకున్నాయి. తివాచీ పరిచిన వరండా, దాని చివర గది, గదిలో పొడవాటి బల్ల, బల్లకు అవతల డైరెక్టరు, ముందు తెల్లకాగితం, చేతిలో పెన్ను, అలసిపోయిన కళ్లు.

"కూర్చోమ్మా," అన్నాడాయన. "నీ గురించి చెప్పు."

నేను ఫలానా కాలేజీలో చదివాను అని కూడా మొదలుపెట్టవచ్చు. నోరు తెరిచింది. "మా నాన్న" అన్న మాట వచ్చింది, కింద రానిది ఇక్కడ ఎంత తేలిగ్గా వచ్చిందో. ఎక్కడ ఆగాలో, ఎక్కడ కళ్లలోకి చూడాలో కింద సీనియర్ నేర్పి పంపింది, ఇప్పుడు వాటిలో ఒక్కదానితోనూ పని పడలేదు. రెండో మాట రాకముందే కళ్ల నీళ్లు చెంపల మీదుగా ఇస్త్రీ చొక్కా కాలరు మీదికి కారిపోతున్నాయి, తుడుచుకుందామంటే చేతులు లేవడం లేదు. పక్కన సీనియర్ కూడా ముక్కు తుడుచుకుంటోంది. డైరెక్టరు పెన్ను కింద పెట్టాడు. లేచి వచ్చి మంచినీళ్ల గ్లాసు ఆమె చేతికి అందించి, పక్క కుర్చీలో కూర్చుని మెల్లగా అడిగాడు.

"పర్లేదమ్మా, నిదానంగా చెప్పు. ఎలా పోయారు?"